ఈసారి శాలువాతో సరిపెట్టొద్దు, లెక్క అడుగుదాం: జార్జియా తెలుగు సంఘాల పెద్దలకు బహిరంగ లేఖ

జార్జియాలోని తెలుగు సంఘాల పెద్దలకు, అట్లాంటా చుట్టుపక్కల ఓటున్న తెలుగువాళ్ళందరికీ నమస్కారం.

2026 నవంబర్ 3న మన రాష్ట్రంలో ఎన్నికలు. బ్రయన్ కెంప్‌కి రెండు టర్ములు అయిపోతున్నాయి కాబట్టి కొత్త గవర్నర్ వస్తారు, జాన్ ఆసాఫ్ సెనేట్ సీటు కూడా బరిలో ఉంది. అంటే మన పండగ వేడుకలకీ పిక్నిక్‌లకీ అభ్యర్థుల రాకపోకలు ఉంటాయి. మనం చేసేది ఎప్పుడూ ఒకటే. స్టేజి మీదకి పిలుస్తాం, శాలువా కప్పుతాం, బొకే ఇస్తాం, ఆయన రెండు చేతులూ జోడించి నమస్తే అంటాడు, మీవాళ్ళు కష్టజీవులు, పిల్లల్ని బాగా చదివిస్తారు అని నాలుగు మంచి మాటలు చెప్తాడు, హాలంతా చప్పట్లు, పెద్దలంతా వరసగా నిలబడి ఫొటో. ఆయన అటు వెళ్ళగానే డాన్స్ ప్రోగ్రామ్ మొదలు. మన పన్ను గురించి గానీ, కరెంటు బిల్లు గురించి గానీ, మన పిల్లల నెత్తిన పడబోయే అప్పు గురించి గానీ ఒక్కరంటే ఒక్కరు నోరు తెరిచి అడగరు. ఈ పద్ధతి మార్చండి అని అడగడానికే ఈ లేఖ.

నా సంగతి ముందే చెప్పేస్తాను. నేను కన్సర్వేటివ్‌ని. పన్నులు తక్కువుండాలి, ప్రభుత్వం ఉన్నదాంట్లో సర్దుకోవాలి, ఖర్చు పెట్టినవాడే బిల్లు కట్టాలి అని నమ్ముతాను. నిజానికి మన తెలుగు ఇళ్ళల్లో ఎక్కువ శాతం ఇలాగే నడుస్తాయి, ఓటు ఏ పార్టీకి వేసినా సరే. 2025 సెప్టెంబర్లో కొత్త హెచ్-1బి దరఖాస్తులకి లక్ష డాలర్ల ఫీజు అంటూ ట్రంప్ సంతకం పెట్టినప్పటి నుంచి "ఇంకా అటువైపేనా అన్నా" అని అడిగేవాళ్ళు ఎక్కువయ్యారు. వాళ్ళకి నేను చెప్పేది ఇదే: ఆ ఫీజు నాకు నచ్చలేదు, నచ్చకపోవడానికి కారణం కూడా నా కన్సర్వేటివ్ నమ్మకమే. చట్టసభ కూర్చుని చర్చించి చేయాల్సిన పనిని ఒక్క సంతకంతో చేసేయడం బైడెన్ స్టూడెంట్ లోన్ల మాఫీ విషయంలో తప్పయితే ట్రంప్ వీసా ఫీజు విషయంలోనూ తప్పే. పార్టీ మీద కోపమొచ్చిందని నమ్మకం మార్చుకోలేం కదా.

ఇప్పుడు పన్నుల సంగతి. 2025 జూలై 4న వచ్చిన పెద్ద పన్ను చట్టం 2017 నాటి తగ్గింపు రేట్లని శాశ్వతం చేసింది. అది జరగకపోతే 2026 నుంచి మనలో దాదాపు అందరికీ పన్ను పెరిగేది, అందుకే ఆ భాగాన్ని నేను మనస్ఫూర్తిగా సమర్థిస్తాను. మనవాళ్ళ వాట్సాప్ గ్రూపుల్లో ఆ బిల్లు మీద రోజుల తరబడి నడిచిన టెన్షన్ మాత్రం ఇండియాకి పంపే డబ్బు మీద పన్ను గురించే. మొదట 5 శాతం అన్నారు, తర్వాత 3.5 అన్నారు, చివరికి 1 శాతం దగ్గర ఆగింది, అదీ నగదు, మనీ ఆర్డర్ లాంటివాటితో పంపితేనే. బ్యాంకు ఖాతా నుంచో ఇక్కడి డెబిట్ కార్డు నుంచో పంపేవాళ్ళకి ఏమీ లేదు. అంటే మనలో చాలామందికి తగలని పన్ను గురించి అంత ఆందోళన పడ్డాం. అదే బిల్లు వల్ల పదేళ్ళలో లోటు 3.4 ట్రిలియన్ డాలర్లు పెరుగుతుందని కాంగ్రెస్ బడ్జెట్ ఆఫీసు లెక్క కట్టింది, అప్పు పరిమితిని ఒకే దెబ్బకి 5 ట్రిలియన్లు పెంచారు. వాటి గురించి మాత్రం మన గ్రూపుల్లో ఒక్క మెసేజ్ కూడా నా కంట పడలేదు.

2025 అక్టోబర్లో దేశం అప్పు 38 ట్రిలియన్ డాలర్లు దాటింది. జనాభాకి పంచితే తలకి లక్షా పదివేల డాలర్ల పైమాటే, నిన్న పుట్టిన పసిపాపతో సహా. 2024 ఆర్థిక సంవత్సరంలో ఈ అప్పు మీద కట్టే వడ్డీ రక్షణ శాఖ ఖర్చుని దాటిపోయింది. ప్రపంచంలోకెల్లా ఖరీదైన సైన్యాన్ని పోషించే ఖర్చు కంటే పాత అప్పుల వడ్డీ ఎక్కువైందంటే ఆలోచించండి. 2025 మే నెలలో, అప్పు తీర్చే సత్తాకి మార్కులేసే మూడీస్ సంస్థ కూడా అమెరికా రేటింగ్ తగ్గించింది, దాంతో మూడు పెద్ద ఏజెన్సీల్లో ఏ ఒక్కదాని దగ్గరా ఇప్పుడు టాప్ రేటింగ్ లేదు. పన్ను తగ్గించడం నాకు ఇష్టం. కానీ పన్ను తగ్గించి ఖర్చు తగ్గించకపోవడమంటే కొడుకు పేరు మీద ప్రామిసరీ నోటు రాసి ఊరంతటికీ భోజనాలు పెట్టడమే. టిప్పుల మీద మినహాయింపు, ఓవర్‌టైమ్ మీద మినహాయింపు, 65 దాటినవాళ్ళకి 6,000 డాలర్ల మినహాయింపు, ఇలా ఓట్లొచ్చే ప్రతిదాన్నీ ఆ పన్ను బిల్లులో చేర్చారు, వాటికి డబ్బు ఎక్కడిదంటే జవాబు లేదు. సెనేట్‌లో ఆ బిల్లు 50-50 దగ్గర ఆగితే ఉపాధ్యక్షుడు వాన్స్ ఓటుతో గట్టెక్కింది. అప్పు పెరుగుతుందని వ్యతిరేకించిన రిపబ్లికన్లు, కెంటకీ నుంచి రాండ్ పాల్, థామస్ మాసీ లాంటివాళ్ళు, సొంత పార్టీలోనే తిట్లు తిన్నారు. నా దృష్టిలో ఆ రోజు కన్సర్వేటివ్ మాట మాట్లాడింది వాళ్ళే.

ఇది సాధ్యం కాని పనేమీ కాదు. 1998 నుంచి 2001 దాకా నాలుగేళ్ళు వరసగా కేంద్ర బడ్జెట్ మిగులులో ఉంది, వైట్‌హౌస్‌లో చాలావరకు క్లింటన్, కాంగ్రెస్‌లో రిపబ్లికన్లు. అంత దూరమెందుకు, మన జార్జియానే చూడండి. ఇక్కడ రాజ్యాంగం ప్రకారం బడ్జెట్ సరితూగాల్సిందే. ఆ క్రమశిక్షణ ఉండబట్టే రాష్ట్ర ఆదాయపు పన్ను 2024లో 5.39 శాతం, 2025లో 5.19 శాతానికి దిగింది, మిగులులోంచి జంటకి 500 డాలర్ల వరకు వెనక్కి కూడా ఇచ్చారు. వాషింగ్టన్‌కి వెళ్తామని మన ముందుకొచ్చే ప్రతి అభ్యర్థినీ, ఏ పార్టీ అయినా సరే, ఏ ఖర్చు తగ్గిస్తారో పేరుపెట్టి చెప్పమని అడగాలి. వృథా, అవినీతి అరికడతాం అంటే ఊరుకోకూడదు. పేరు చెప్పాలి.

సోషల్ సెక్యూరిటీ, అంటే రిటైరైనవాళ్ళకి ప్రభుత్వం ఇచ్చే పెన్షన్ గురించి మన అభ్యర్థుల్ని మనం అడగకపోతే ఇంకెవరూ అడగరు. రిటైర్‌మెంట్ ఫండ్ నిల్వ 2033లో అయిపోతుందని, ఆ తర్వాత వచ్చే పన్నులతో 77 శాతం వరకే చెల్లించగలమని 2025లో ట్రస్టీలే చెప్పారు. మనలో ఎంతమందికి రిటైర్‌మెంట్ ఆ తర్వాతే వస్తుందో మీరే చూసుకోండి. ఇంకో విషయం మనకి మాత్రమే తగిలేది. వర్క్ వీసా మీదున్న కుర్రాడి జీతంలోంచి కూడా 6.2 శాతం కోస్తారు, కంపెనీ ఇంకో 6.2 కడుతుంది. పదేళ్ళు నిండకుండా అతను హైదరాబాద్‌కో విజయవాడకో తిరిగి వెళ్ళిపోతే పైసా రాదు, ఎందుకంటే ఇండియాకీ అమెరికాకీ మధ్య దీని మీద ఒప్పందం లేదు. చాలా యూరప్ దేశాలతో ఉంది, జపాన్‌తో, కొరియాతో ఉంది. ఇన్నేళ్ళుగా ఇన్ని సభలు పెట్టాం, ఇంతమంది నాయకులకి సన్మానాలు చేశాం, ఈ ఒక్క ఒప్పందం ఎందుకు చేయరని స్టేజి మీద అడిగినట్టు నాకు గుర్తులేదు.

సుంకాల గురించి క్లుప్తంగా చెప్తాను. సుంకం కూడా పన్నే, దాన్ని ఇంకో పేరుతో పిలిచే కన్సర్వేటివ్‌ల మాట నేను ఒప్పుకోను. 2025 ఆగస్టు 27 నుంచి ఇండియా సరుకు మీద 50 శాతం వేసినప్పుడు అక్కడ గోదావరి జిల్లాల రొయ్యల రైతు నలిగాడు, ఇక్కడ పోర్టులో కట్టింది మాత్రం అమెరికా దిగుమతిదారే. ఆ సొమ్ము గాల్లోంచి రాదు కదా.

ఇక వాతావరణం. ఈ ఒక్క విషయంలో రెండు వైపులా అరుపులే తప్ప లెక్కలు లేవు, అందుకే కొంచెం వివరంగా రాస్తున్నాను.

భూమి వేడెక్కడం పెద్ద మోసం అని 2025 సెప్టెంబర్లో ఐక్యరాజ్యసమితిలో ట్రంప్ అన్నారు. ఆ మాటతో నేను ఏకీభవించను. 2024 సెప్టెంబర్లో హెలీన్ తుఫాను వాల్డోస్టా మీదుగా అగస్టా దాకా ఎలా తుడిచిపెట్టేసిందో ఈ రాష్ట్రంలో అందరికీ తెలుసు. దక్షిణ జార్జియాలో తరాలుగా పెంచుకున్న పీకాన్ తోటలు వేళ్ళతో సహా కూలిపోయాయి. ఆ తోటల వాళ్ళలో ఎక్కువమంది రిపబ్లికన్ ఓటర్లే. వాళ్ళ దగ్గరికెళ్ళి వాతావరణం మాటే అబద్ధం అనడం అవమానించడమే. అలాగని ఒక తుఫాను రాగానే కొత్త పన్ను, కొత్త సబ్సిడీ, కొత్త నిషేధం అనే డెమొక్రాట్ల మందు కూడా నేను మింగలేను. 2005 తర్వాత అమెరికాలో కరెంటు తయారీ నుంచి వచ్చే కార్బన్ బాగా తగ్గింది, దానికి పెద్ద కారణం బొగ్గు పోయి చవకైన సహజవాయువు రావడం. దాన్ని భూమిలోంచి తీసింది డ్రిల్లింగ్ కంపెనీలు, నానా తిట్లు తిన్నదీ వాళ్ళే. పర్యావరణం పేరు చెప్పి న్యూయార్క్ 2021లో ఇండియన్ పాయింట్ అణు విద్యుత్ కేంద్రం మూసేస్తే దాని స్థానంలో ఎక్కువగా మండింది గ్యాసే. జర్మనీ 2023 ఏప్రిల్‌లో చివరి మూడు అణు రియాక్టర్లూ మూసేసింది, బొగ్గు కేంద్రాలు మాత్రం ఇంకా నడుస్తున్నాయి. కార్బన్ నిజంగా ప్రాణాంతకమే అయితే కార్బన్ లేని కరెంటుని ముందు ఎవరు మూస్తారండీ?

సబ్సిడీల తీరు చూడండి. 2022 నాటి బైడెన్ చట్టం కింద కొత్త ఎలక్ట్రిక్ కారుకి 7,500 డాలర్ల వరకు పన్ను తగ్గింపు ఇచ్చారు, ఏడాదికి మూడు లక్షల డాలర్లు సంపాదించే జంటకి కూడా. ఇంటి మీద సోలార్ ప్యానెళ్ళకి 30 శాతం, దానికైతే ఆదాయ పరిమితే లేదు. ఆల్ఫారెట్టాలో, కమ్మింగ్‌లో, జాన్స్ క్రీక్‌లో మన ఇళ్ళ ముందు ఆగిన కార్లకి, మన ఇళ్ళ మీద మెరిసే ప్యానెళ్ళకి మేకన్‌లో ట్రక్కు తోలుకునే మనిషి పన్ను డబ్బు కూడా వెళ్ళింది. తీసుకున్నవాళ్ళని నేను తప్పుపట్టను, చట్టం ఇచ్చింది, తీసుకున్నారు. కానీ ఉన్నవాడికి లేనివాడి చేత ఇప్పించే పథకాన్ని పేదల పార్టీ అని చెప్పుకునేవాళ్ళు తెచ్చారంటే నాకు ఇప్పటికీ మింగుడుపడదు. కార్ల తగ్గింపు 2025 సెప్టెంబర్ 30తో, ఇళ్ళ సోలార్ తగ్గింపు డిసెంబర్ 31తో ఆగిపోయాయి. డాల్టన్‌లో, కార్టర్స్‌విల్‌లో ప్యానెళ్ళు తయారుచేసే కార్మికులకి దీనివల్ల ఇబ్బంది రావచ్చు, అది నిజమే, అయినా ఆపడమే సరైనదని నా అభిప్రాయం.

ఇప్పుడు మన సొంత రాష్ట్రం సంగతి, మా కన్సర్వేటివ్‌లు జవాబు చెప్పుకోవాల్సిన చోటు. అగస్టాకి దిగువన సవానా నది ఒడ్డున వోగల్ అణు విద్యుత్ కేంద్రం ఉంది. అక్కడి మూడో యూనిట్ 2023 జూలైలో, నాలుగోది 2024 ఏప్రిల్‌లో పనిచేయడం మొదలుపెట్టాయి. ఇప్పుడు దేశంలోకెల్లా పెద్ద అణు కేంద్రం అదే. పొగ లేదు, ఎండతో గాలితో పని లేదు, అరవై ఏళ్ళు అంతకంటే ఎక్కువే నడుస్తుంది. నాకు అదంటే గర్వం. కానీ 14 బిలియన్లు అవుతుందన్న పని 30 బిలియన్లు దాటింది, ఏడేళ్ళు ఆలస్యమైంది, మధ్యలో 2017లో ఆ రియాక్టర్ల కంపెనీ వెస్టింగ్‌హౌస్ దివాలా తీసింది. ఆ నష్టం ఎవరు భరించారు? 2009లో మన రాష్ట్ర చట్టసభ ఒక చట్టం చేసింది, ప్లాంటు ఒక్క యూనిట్ కరెంటు ఇవ్వకముందే దాని ఫైనాన్సింగ్ ఖర్చు వినియోగదారుల దగ్గర వసూలు చేసుకోవచ్చని. 2011 నుంచి ఏళ్ళ తరబడి కరెంటు కంపెనీ జార్జియా పవర్ బిల్లులో అణు నిర్మాణ ఖర్చు వసూలు అనే వరస ఒకటి కనబడేది. ఆ వరస కింద డబ్బు కట్టి, కరెంటు రాకముందే కన్నుమూసిన పెద్దవాళ్ళు ఈ రాష్ట్రంలో ఎంతమందో. చివరికి 2023 డిసెంబర్‌లో ఇంకో 7.56 బిలియన్ డాలర్లు జనం దగ్గర వసూలు చేసుకోవడానికి, రాష్ట్రంలో కరెంటు రేట్లు తేల్చే పబ్లిక్ సర్వీస్ కమిషన్ ఒప్పుకుంది. అప్పట్లో కమిషన్‌లో ఐదుగురూ రిపబ్లికన్లే. లాభం వస్తే వాటాదారుడికి, నష్టమొస్తే వినియోగదారుడికి, పోటీ మాత్రం ఉండదు. దీన్ని స్వేచ్ఛా మార్కెట్ అని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను.

దాని ఫలితం 2025 నవంబర్‌లో చూశాం. 2023 నుంచి కరెంటు రేట్లు పదే పదే పెరిగాయి, కోర్టు కేసు వల్ల కమిషన్ ఎన్నికలు 2022లోనూ 2024లోనూ జరగలేదు, జరిగినప్పుడు జనం కమిషన్‌లోని రిపబ్లికన్లు టిమ్ ఎకోల్స్‌నీ ఫిట్జ్ జాన్సన్‌నీ ఇంటికి పంపించేశారు. డెమొక్రాట్లు అలీసియా జాన్సన్, పీటర్ హబ్బర్డ్ ఇద్దరూ అరవై శాతం పైగా ఓట్లతో గెలిచారు. రాష్ట్రమంతా ఓటేసి ఎన్నుకునే రాష్ట్ర ప్రభుత్వ పదవిలో డెమొక్రాట్లు గెలవడం 2006 తర్వాత అదే మొదటిసారి. నేను రిపబ్లికన్లకే వేశాను, అయినా ఆ తీర్పు అన్యాయమని అనను. ఆ రోజు మన కాలనీల్లో ఎంతమంది ఓటేశారో మీకూ తెలుసు. అలాంటి కమిషన్ ఒకటుందనే చాలామందికి తెలియదు.

కొత్తవాళ్ళు కుర్చీల్లో కూర్చోకముందే, 2025 డిసెంబర్‌లో, పాత కమిషన్ ఇంకో దాదాపు 10 వేల మెగావాట్ల కొత్త కరెంటుకి ఆమోదం తెలిపింది. వోగల్ కొత్త యూనిట్ ఒక్కోటి సుమారు 1,100 మెగావాట్లు, అంటే అలాంటివి తొమ్మిది లెక్కన్నమాట. ఇదంతా ఎక్కువగా డేటా సెంటర్ల కోసం. మనలో చాలామందికి అన్నం పెట్టేది ఆ రంగమే, దాని మీద నాకు పగ లేదు. కానీ డేటా సెంటర్ల సామగ్రికి 2018 నుంచి సేల్స్ ట్యాక్స్ మినహాయింపు ఉంది. దాన్ని కొంతకాలం ఆపుదామని 2024లో మన చట్టసభే బిల్లు పాస్ చేస్తే గవర్నర్ కెంప్ వీటో చేశారు. బడిపిల్లల నోటు పుస్తకం మీద పన్ను కట్టే తల్లి, బిలియన్ల సర్వర్ల మీద పన్ను కట్టని కంపెనీ కోసం కట్టే ప్లాంటు ఖర్చు కూడా నెల నెలా బిల్లులో మోయాలా? రేపు ఏఐ జోరు తగ్గి ఆ డేటా సెంటర్లు రాకపోతే కట్టిన ప్లాంట్ల బాకీ ఎవరిది? బేస్ రేట్లు, అంటే బిల్లులో మూల ధరలు, 2028 దాకా పెంచం అని జార్జియా పవర్ అంది, సంతోషం. 2029 సంగతి చెప్పమనండి.

ఊళ్ళో ఉన్నవాళ్ళకి కూడా ఇది దూరపు కథ కాదు. శ్రీకాకుళం జిల్లా రణస్థలం మండలం కొవ్వాడలో కట్టాలనుకుంటున్న ఆరు రియాక్టర్లదీ ఇదే వెస్టింగ్‌హౌస్ ఏపీ1000 డిజైన్. ఇక్కడ వోగల్ బిల్లు చదివినవాళ్ళు అక్కడి బంధువులకి ఒక్క ప్రశ్న నేర్పించగలరు: ఆలస్యమైతే ఆ ఖర్చు ఎవరి ఖాతాలో?

పెద్దలారా, నేను అడిగేది చిన్న పని. ఈసారి ఏ అభ్యర్థిని పిలిచినా ముందే చెప్పండి, మాట్లాడటానికి ఐదు నిమిషాలు, ప్రశ్నలకి అరగంట. ఒప్పుకోకపోతే పిలవకండి. రిపబ్లికన్‌కీ డెమొక్రాట్‌కీ అవే ప్రశ్నలు: ఏ ఖర్చు తగ్గిస్తారు, సోషల్ సెక్యూరిటీ ఒప్పందం మీద ఏం చేస్తారు, డేటా సెంటర్ల మినహాయింపు ఉంచుతారా తీస్తారా, కొత్త ప్లాంటు ఖర్చు దాటితే భారం కంపెనీ మీదా జనం మీదా. జవాబులు వీడియో తీసి గ్రూపుల్లో పెట్టండి. నాతో ఏకీభవించని డెమొక్రాట్ మిత్రులు కూడా వాళ్ళ ప్రశ్నలు చేర్చుకోవచ్చు, నాకు అభ్యంతరం లేదు, ఎదురుగా కూర్చుని వింటాను. ఓటు లేనివాళ్ళని, గ్రీన్‌కార్డు క్యూలో ఏళ్ళుగా నిలబడ్డవాళ్ళని కూడా ముందు వరసలో కూర్చోబెట్టండి, పన్నూ కరెంటు బిల్లూ వాళ్ళూ కడుతున్నారు.

ఓటు నమోదుకి ఆఖరి రోజు అక్టోబర్ 5. పీటర్ హబ్బర్డ్ గెలిచిన కమిషన్ సీటుకి 2026లో మళ్ళీ ఎన్నిక ఉంది, బ్యాలెట్‌లో అది కిందెక్కడో ఉంటుంది, గవర్నర్ పేరు దగ్గర ఆగిపోకుండా అక్కడిదాకా రండి. ప్రశ్నలు తెలుగులో, ఇంగ్లీషులో రాసిపెట్టే పని, మైకు పట్టుకుని తిరిగే పని నాకు అప్పగించండి, చేస్తాను. దసరా, బతుకమ్మ కార్యక్రమాల తేదీలు ఖరారు కాగానే చెప్పండి.

ఇట్లు,
ఆల్ఫారెట్టా నుంచి ఒక తెలుగు ఓటరు